పలక మీద చిట్టి పేరు

ఆ ఇంటి తలుపు తీయగానే ఎడమ పక్క గోడకు వరుసగా కొయ్య మేకులు ఉండేవి. పైవి కోట్లు తగిలించుకోవడానికి. అన్నింటికన్నా కింద, మా చిన్నవాడి నడుము ఎత్తులో ఉన్న మేకుకు పాత ఆకుపచ్చ తువ్వాలు ఒకటి వేలాడుతుండేది. దాని పైన చిన్న చెక్కముక్క మీద రెండే అక్షరాలు: సి, ఐ. వేల్స్ భాషలో దాన్ని ‘కి’ అని చదవాలి. కుక్క అని అర్థం. మేమెవరమో ఇంకా చూడకముందే, వచ్చేవాళ్లతో ఒక కుక్క ఉంటుందని, అది వానలో తడిసి వస్తుందని, దాన్ని తుడవాలని తలచి ఆ ఇంటివాళ్లు తువ్వాలు పెట్టి ఉంచారు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంటిని తలచుకుంటే నాకు ముందుగా కళ్ల ముందు నిలిచేది ఆ తువ్వాలే.

2017 మే నెల చివరి వారం. పిల్లలకు బడి వారం రోజులు సెలవు. మేము ఉండేది బర్మింగ్‌హామ్‌లో. మా దగ్గర ఆరు నెలలు ఉండడానికి అమ్మ మార్కాపురం నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలయింది. ఎక్కడికైనా తీసుకెళ్దామంటే రెండు చిక్కులు. అమ్మ మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేదు కాబట్టి పడకగది కిందే ఉండాలి. చిట్టిని వదిలి వెళ్లలేం కాబట్టి కుక్కను రానిచ్చే ఇల్లు కావాలి. రెండూ కలిసొచ్చే ఇంటి కోసం చాలా రాత్రులు వెతికాను. కుక్క అనగానే కొందరు కుదరదన్నారు. కొందరు చిన్న కుక్కయితే సరే అన్నారు. మా చిట్టి చిన్నది కాదు. నల్లటి లాబ్రడార్ సంకరం, అప్పటికి నాలుగేళ్లది, ఛాతీ మీద అరచేతి వెడల్పున తెల్లమచ్చ. ఎవరో వదిలేసిన కుక్కలను చేరదీసే చోటి నుంచి ఏడాది వయసులో తెచ్చుకున్నాం. చివరికి ఉత్తర వేల్స్‌లో, గ్వినంత్ లోయలో, గొర్రెల పొలం అంచున ఉన్న పాత రాతి ఇల్లు ఒకటి దొరికింది. ఫోన్ చేస్తే ఆ ఇంటావిడ అడిగిన మొదటి మాట, “మీ కుక్క పేరేమిటి?” అని.

అమ్మకు, చిట్టికి అప్పటికి మాటల్లేవు. మార్కాపురంలో మా వీధి కుక్కలకు అమ్మ రోజూ అన్నం పెట్టేది. మా భోజనాలయ్యాక కలిపిన ముద్ద మెట్టు మీద పెట్టి, అవి తిని వెళ్లేదాకా గడపలో నిలబడేది. కానీ గడప దాటి కుక్క లోపలికి రావడమన్నది అమ్మ ఎరగదు. బర్మింగ్‌హామ్‌లో దిగిన రోజే వంటగది గుమ్మం దగ్గర వేలితో గీత గీసి, “ఇది దాటకూడదు” అని చిట్టితో తెలుగులో చెప్పింది. చిట్టి దాటలేదు. మూడు వారాలూ ఆ లేని గీతకు అవతలే పడుకుని, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి, అమ్మ వంట చేస్తుంటే చూస్తూ ఉండేది. అమ్మ దాన్ని పేరు పెట్టి పిలవలేదు, తాకలేదు. “దానికి పెట్టావా?” అని మాత్రం రోజూ అడిగేది.

ఏ5 రోడ్డు మీద వెళ్లాం. లండన్ నుంచి హోలీహెడ్ రేవు దాకా రెండు వందల ఏళ్ల కిందట థామస్ టెల్ఫర్డ్ వేయించిన దారి అది. వేల్స్‌లోకి అడుగు పెట్టగానే సూచికల మీద రెండు భాషలు మొదలయ్యాయి. మలుపు వచ్చినచోటల్లా రోడ్డు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో ‘అరవ్’ అని రాసి ఉంది. నెమ్మదిగా వెళ్లమని. మా పిల్లలకు ఇంట్లో వినే తెలుగు అంతో ఇంతో వచ్చు కాబట్టి, అరవమని రోడ్డే చెబుతోందని తేల్చుకుని ప్రతి మలుపులోనూ అరిచారు. వెనక సీట్లో వాళ్లిద్దరి మధ్య అమ్మ, అమ్మ వెనక సామాన్ల పక్కన చిట్టి. కపెల్ కిరిగ్ దాటి, కనుమ ఎక్కి దిగగానే గ్వినంత్ లోయ ఒక్కసారిగా కింద పరచుకుంది. చెరువు, దాని చుట్టూ కొండలు, కొండల మీద ముదురు గులాబీ రంగు పొదలు. ఆ పూలు రోడోడెండ్రాన్లు. చూడడానికి పండుగలా ఉంటాయి కానీ, పరాయి నేల నుంచి వచ్చి ఇక్కడి చెట్లను ఎదగనివ్వని మొక్కలవి. వాటిని పెరికించడానికి ఆ ప్రాంతంవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడుతున్నారు.

అమ్మ పూలను చూడలేదు. ఇళ్ల కప్పులు చూసింది. “ఇదేమిటే, ఇంటి మీద పలకలు పరిచారు!” అంది.

పలక అన్న మాట విని నాకే ఒళ్లు ఝల్లుమంది. ఇన్నేళ్లుగా ఇంగ్లండులో ఉంటూ ఆ కప్పులను వందల సార్లు చూశాను. అది పలకరాయి అని తెలుసు. కానీ మేము ఓనమాలు దిద్దిన పలక అదేనని ఒక్కసారీ తట్టలేదు. మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. రాళ్ల గనుల నుంచి వచ్చిన పలకరాయిని పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రాలు బిగించి దేశమంతటికీ పంపేవారు. మా తాతయ్య ఆ చట్రాలు బిగించే పనిలోనే ముప్పై ఏళ్లు ఉన్నాడు. ఉత్తర వేల్స్‌లో అదే రాయి ఇళ్లకు కప్పయింది, నేలయింది, కంచె అయింది, సమాధి అయింది. ఒకప్పుడు ప్రపంచం నలుమూలలా ఇళ్లకు ఇక్కడి పలకలే ఎక్కాయి. ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇల్లు చిన్నది. రెండడుగుల మందం గోడలు, లోతైన కిటికీలు, కట్టెల పొయ్యి. వంటగది నేలంతా ఊదా ఛాయ ఉన్న పలకరాయి, తరతరాల నడకకు తలుపు దగ్గర కాస్త గుంట పడింది. బల్ల మీద మా కోసం బారా బ్రిత్ పెట్టి వెళ్లింది ఇంటావిడ. టీలో నానబెట్టిన ఎండుద్రాక్ష కలిపి కాల్చే రొట్టె అది. ‘బారా’ అంటే రొట్టె, ‘బ్రిత్’ అంటే చుక్కలది. పక్కనే చిట్టికి బిస్కెట్ల డబ్బా. కాసేపటికి ఆవిడే వచ్చి, ఒడిలోంచి గుడ్లు తీసి బల్ల మీద పెడుతూ వేల్స్ భాషలో లెక్కపెట్టింది. “ఇన్, దై, త్రీ...” అమ్మ చటుక్కున తలెత్తి, “త్రి అంటే మనకూ మూడే కదా” అంది. నేను ఆ మాట ఆవిడకు చెప్పాను. ఆవిడ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది, ఈసారి అమ్మ వైపు చూస్తూ, మూడు దగ్గర ఆగి. అమ్మ తలూపింది. వాళ్లిద్దరి స్నేహం అక్కడ మొదలైంది.

ఇంటి కట్టుబాట్లు ఒక నోటుపుస్తకంలో చేతిరాతతో ఉన్నాయి. కుక్క మేడ మీదికి వెళ్లకూడదు, అందుకే మెట్ల కింద చిన్న గేటు. సోఫా మీద ఎక్కాలంటే దుప్పటి పరచాలి. ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. దారిలో తెరిచి ఉన్న గేటును తెరిచే ఉంచాలి, మూసి ఉన్నదాన్ని మూసే వెళ్లాలి. ఆ తర్వాత పేజీ అంతా గొర్రెల గురించి. జనం నడవడానికి తెరిచి ఉంచిన కొండ నేలల్లో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకునే నడవాలి. గొర్రెలు, పశువులు దగ్గర్లో ఉంటే ఏడాది పొడుగునా అంతే. మందను తరిమే కుక్కను ఆపడానికి వేరే దారి లేకపోతే రైతు కాల్చవచ్చు, చట్టం అతణ్ని తప్పుపట్టదు. వేల్స్‌లో మనుషులకన్నా గొర్రెలు దాదాపు మూడింతలు. వాటి మీదే బతికే కుటుంబాలకు ఈ పేజీ ఎంత ముఖ్యమో నాకు అర్థమైంది. రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు చదివాను.

ఆదివారం, సోమవారం వాన. కొండలు కనిపించలేదు, ఎదురుగా ఉన్న పొలం కూడా కనిపించలేదు. పిల్లలు విసిగిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంటావిడ కట్టెలు ఇవ్వడానికి వచ్చినప్పుడు, అమ్మ కిటికీలోంచి పశువుల కొట్టం గోడకు ఆనించి ఉన్న పాత పైకప్పు పలకలను చూపించి, ఒకటి కావాలని సైగ చేసింది. ఎందుకని ఆవిడ అడగలేదు. వానలోనే వెళ్లి నాలుగైదు పలకలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

అప్పుడు జరిగింది నేను ఎన్నటికీ మరచిపోను. అమ్మ ఒక పలకను తీసి, పైఅంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, గాలిలో వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో తట్టింది. టక్కుమని మొద్దు చప్పుడు. పక్కన పెట్టేసింది. రెండోది తట్టింది, అదీ అంతే. మూడోది తట్టగానే ఖంగుమని మోగింది, చిన్న ఇత్తడి గంటలా. ఎక్కడా బీట లేని పలక అలాగే మోగుతుంది. మా తాతయ్య చట్రం బిగించే ముందు ప్రతి పలకనూ అలాగే తట్టి చూసేవాడట. ఇంటావిడ కట్టెల బుట్ట కింద పెట్టేసింది. అమ్మ చేతిలోంచి ఆ పలక తీసుకుని, అదే మాదిరి రెండు వేళ్ల మధ్య పట్టుకుని తట్టింది. వాళ్ల మామగారు పలకల గనిలో పనిచేశాడు. ఆయన చేసి చూపినదీ ఇదే. ఇద్దరూ ఆ వంటగదిలో నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఒకరి తర్వాత ఒకరు ఆ పలకను మోగించారు. కప్పు పలకలకు కొలతలను బట్టి డచెస్సు, కౌంటెస్సు, లేడీ అని పేర్లుంటాయని ఆవిడ చెప్పింది. మాకు వచ్చింది కౌంటెస్సు.

ఆటబొమ్మల పెట్టెలో సుద్దముక్కలు దొరికాయి. అమ్మ పలకను ఒళ్లో పెట్టుకుని, పైన ‘ఓం నమః శివాయ’ అని రాసి, పిల్లలను ఇటొకరిని అటొకరిని కూర్చోబెట్టుకుంది. బర్మింగ్‌హామ్‌లో నేను ఎన్నిసార్లు మొదలుపెట్టినా సాగని పని అది. తెలుగు వినడం వచ్చుగానీ వాళ్లకు ఒక్క అక్షరం రాయడం రాదు. అ, ఆ, ఇ, ఈ... అమ్మ వాళ్ల చేతులు పట్టుకుని దిద్దించింది. వాన, పొయ్యిలో కట్టెల చిటపట, పలక మీద సుద్ద గీత. నాకు ఆ గదిలో ఊపిరి తీసుకోవడానికి కూడా భయం వేసింది, అది ఎక్కడ చెదిరిపోతుందోనని. సోమవారం మధ్యాహ్నానికి మా అమ్మాయి తనంతట తనే ఒక పేరు రాసింది: ‘చిటి’. అమ్మ చూసి, “ట కింద ట వత్తు ఉండాలి తల్లీ. వత్తు లేకపోతే పిలుపు బలంగా ఉండదు” అని సరిచేసింది. ఆ పేరు అమ్మ నోట అదే మొదటిసారి. తన పేరు వినగానే చిట్టి లేచి వంటగది గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఆగింది. ఆ ఇంట్లో అమ్మ ఏ గీతా గీయలేదు. అయినా ఆగింది.

ఆ సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. పిల్లలు పెరట్లోకి పరుగెత్తారు. చిన్నవాడు వెనక గేటు గొళ్లెం సరిగా పెట్టలేదు. నేను చూసేసరికి గేటు తెరిచి ఉంది, చిట్టి లేదు. పిలిచాను. పొలంలో తల్లి గొర్రెలు, పిల్లలు అన్నీ ఒక మూలకు చేరి ఉన్నాయి. పది నిమిషాలకు రాతిగోడ వెంట చిట్టి వచ్చింది. మూతి నిండా నెత్తురు.

నా కాళ్లు చల్లబడ్డాయి. ఇది చిన్న విషయంగా రాసి దాటేయవచ్చు, కానీ దాటేయను. నేను దాని మెడపట్టీ పట్టుకుని లాగి, చేతిలో ఉన్న తోలుతాడుతో రెండు దెబ్బలు కొట్టాను. అది మూలగలేదు. కూర్చుని, తోక కొనను మాత్రం నేలకేసి మెల్లగా ఆడించింది. పిల్లలు ఏడుస్తున్నారు. మావారు ఇంటావిడకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

ఆవిడ, ఆవిడ భర్త ఇద్దరూ వచ్చారు. ఆయన గోడ దాటి మంద వైపు వెళ్లాడు. ఆవిడ మాత్రం చిట్టి ముందు తడి నేల మీద మోకాళ్లూని కూర్చుంది. ఒక్క మాట అనలేదు. మూతి పట్టుకుని పెదవి ఎత్తి చూసింది. తర్వాత ముందు కుడికాలు ఎత్తింది. అరికాలి మెత్త అడ్డంగా తెగి ఉంది. ఏదో పగిలిన పలక అంచు గీసుకుని ఉంటుంది. నొప్పికి అది కాలు నాక్కుంది, నెత్తురు మూతికి అంటింది. పొలం నుంచి ఆయన చెయ్యి ఊపాడు, అన్నీ క్షేమం. ఆవిడ చిట్టి తల నిమురుతూ, “కి దా, కి దా” అంది. మంచి కుక్క, మంచి కుక్క అని.

అప్పుడు అమ్మ తన గదిలోంచి వచ్చింది. చేతిలో పసుపు పొట్లం. ఎక్కడికి వెళ్లినా అమ్మ సంచిలో అది ఉంటుంది. ఇంటావిడ ఉప్పునీళ్లతో గాయం కడిగింది. అమ్మ కింద కూర్చోలేదు కదా, పీట లాంటి చిన్న స్టూలు మీద కూర్చుని, చిట్టి కాలు తన చీర కుచ్చిళ్ల మీద పెట్టుకుని పసుపు అద్దింది. ఇంటావిడ కట్టు కట్టింది. నాతో అమ్మ ఏమీ అనలేదు. నా చేతిలో ఇంకా ఉన్న తాడు వైపు ఒకసారి చూసింది, అంతే.

బుధవారం మంచి ఎండ. దగ్గర్లో ఉన్న బెద్‌గెలర్ట్ ఊరికి వెళ్లాం. రెండు ఏర్లు కలిసే చోట రాతి వంతెన, చుట్టూ ఎత్తయిన కొండలు, గట్టిగా అరగంటలో తిరిగి రాగల ఊరు. ‘బెద్’ అంటే సమాధి. గెలర్ట్ అన్న కుక్క సమాధి ఉన్న ఊరని పేరుకు చెప్పుకునే అర్థం. ఊరి నుంచి గ్లాస్లిన్ ఏటి పక్కగా చదునైన కాలిబాట ఉంటుంది. అమ్మ మెల్లగా నడవగలిగింది. చిట్టి కట్టు తడవకుండా మా అమ్మాయి దాని కాలికి తన మేజోడు తొడిగింది.

పచ్చిక బయలు మధ్య, చెట్ల నీడలో, చుట్టూ చిన్న కంచె. లోపల నిలబెట్టిన రెండు పలకరాళ్లు. ఒకదాని మీద వేల్స్ భాషలో, ఇంకోదాని మీద ఇంగ్లీషులో కథ చెక్కి ఉంది. మా అమ్మాయి చదువుతుంటే నేను అమ్మకు తెలుగులో చెబుతున్నాను. పదమూడో శతాబ్దపు రాజు లెవెలిన్ వేటకు వెళ్లాడు. ఎప్పుడూ వెంట ఉండే కుక్క గెలర్ట్ ఆ రోజు రాలేదు. తిరిగి వచ్చేసరికి అది ఒంటి నిండా నెత్తురుతో సంతోషంగా ఎదురొచ్చింది. లోపల చూస్తే పసివాడి ఉయ్యాల ఖాళీ, నేలంతా నెత్తురు...

“ఆగు” అంది అమ్మ. “రాజు దాన్ని చంపేశాడు. ఉయ్యాల కింద పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు, పక్కన పాము చచ్చిపడి ఉంది. అంతేనా?”

“పాము కాదమ్మా. తోడేలు.”

“మన ముంగిస కథే కదే ఇది.”

ఔను. నేను చిన్నప్పుడు అమ్మ దగ్గర వందసార్లు విన్న కథే. నీళ్లకు వెళ్లిన తల్లి, ఇంట్లో పసిబిడ్డ, కాపలా ఉన్న ముంగిస, పాము. మూతికి నెత్తురుతో గుమ్మంలో ఎదురొచ్చిన ముంగిస మీద బిందె వేసి చంపేస్తుంది తల్లి. పంచతంత్రం అయిదో భాగంలోది ఆ కథ. పరీక్షించకుండా పని చేయడం అనే ఆ భాగానికే పేరు. ఆ కథ ఎన్నో దేశాలు తిరిగింది, వెళ్లినచోటల్లా కొత్త జంతువును తెచ్చుకుంది. వేల్స్‌లో అది కుక్క అయింది. ఆ వంద సార్లూ ఆ తల్లి మీద నాకు కోపం వచ్చేది. ఒక్క నిమిషం ఆగి లోపలికి చూడవచ్చు కదా అని. మొన్న సాయంత్రం, చేతిలో తాడుతో, నేనూ ఆగలేదు. ఆ పలకరాయి ముందు నిలబడి నేను ఏడ్చాను. మావారు పిల్లలను తీసుకుని పక్కకు వెళ్లారు. కాస్త దూరంలో పాడుబడిన చిన్న రాతి ఇల్లు, అందులో గెలర్ట్ కంచు బొమ్మ ఉన్నాయి. చిట్టి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, మేజోడు వేసిన కాలు కొంచెం ఎత్తి పట్టుకుని.

ఆ సమాధి అసలైనది కాదని, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఊరికి జనాన్ని రప్పించడానికి అక్కడి సత్రం యజమాని ఆ రాళ్లు పెట్టించాడని, ఊరి పేరు బహుశా పాతకాలపు ఒక సాధువు నుంచి వచ్చిందని చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. ఆ మాటా అమ్మకు చెప్పాను. “అయితే ఏమైంది. మన ముంగిసకు ఆ మాత్రం రాయి కూడా ఎవరూ పెట్టలేదు” అంది. నాకూ అలాగే అనిపిస్తుంది. ఎవరు పెట్టినా, రెండు వందల ఏళ్లకు పైగా జనం వచ్చి, కుక్కకు జరిగిన అన్యాయాన్ని తలచుకుని ఒక నిమిషం తలవంచి నిలబడుతున్నారు. ఆ నిమిషం అబద్ధం కాదు.

మిగిలిన రోజులు చకచకా గడిచిపోయాయి. సన్న పట్టాల మీద నడిచే ఆవిరి రైలులో పోర్ట్‌మాడోగ్ వెళ్లాం. కుక్కకూ టికెట్ కొనాలి. ఆ టికెట్ ముక్క మా అబ్బాయి చాలా ఏళ్లు దాచుకున్నాడు. ఒక సాయంత్రం ఇంటావిడ భర్త తన గొర్రెల కుక్కతో మందను కొండ మీద నుంచి దింపడం గోడ మీద కూర్చుని చూశాం. బ్రిటన్‌లో గొర్రెల కుక్కల పోటీలు మొదట జరిగింది వేల్స్‌లోనే, 1873లో, బాలా ఊళ్లో. ఆయన ఈల వేస్తే ఆ కుక్క అటు, ఇంకోలా వేస్తే ఇటు. చిట్టి నా కాళ్ల దగ్గర కూర్చుని చెవులు నిక్కించి చూసింది. రాత్రిళ్లు చీకటి ఎంత చిక్కగా ఉండేదంటే, పాలపుంత పల్చటి పొగలా కనిపించేది. ఆ లోయ ఉన్న స్నోడోనియా జాతీయ ఉద్యానవనాన్ని చీకటి ఆకాశాన్ని కాపాడే ప్రాంతంగా 2015లో గుర్తించారు. ఆరుబయట మంచం వేసుకుని పడుకున్న రోజుల తర్వాత ఇన్ని చుక్కలు చూడలేదంది అమ్మ.

బుధవారం రాత్రి నుంచి అమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉండలేదు. అర్ధరాత్రి మంచినీళ్లకు కిందికి దిగి చూశాను. చిట్టి అమ్మ మంచం పక్కన, పలకరాతి నేల మీద పడుకుని ఉంది. దాని కింద మడత పెట్టి పరిచింది అమ్మ పాత నేత చీర.

శనివారం పదింటికల్లా ఇల్లు ఖాళీ చేయాలి. నేను సోఫా మీది నల్ల వెంట్రుకలు దులుపుతుంటే, ఇంటావిడ ఆ మోగే పలకను గుడ్డలో చుట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ తన పసుపు పొట్లంలో మిగిలింది ఆవిడకు ఇచ్చింది.

2019లో మళ్లీ వెళ్లాం. అమ్మ మార్కాపురంలోనే ఉండిపోయింది, ఇక అంత దూరం ప్రయాణం చేయలేనంది. తలుపు తీయగానే చిట్టి తువ్వాలు దగ్గర కూడా ఆగకుండా నేరుగా కింది గదిలోకి వెళ్లింది. మంచం చుట్టూ తిరిగి, మంచం కింద చూసి, గుమ్మానికి ఎదురుగా పడుకుంది. ఆ వారమంతా అదే దాని చోటు.

2023లో వెళ్లేసరికి దానికి పదేళ్లు. మూతి నెరిసింది. రాతిగోడల మీది మెట్లు ఎక్కలేక మా వైపు చూస్తుంటే, మావారు ఎత్తుకుని దాటించేవారు. స్నోడోనియా అన్న పేరుకు బదులు ఎరరి అని, స్నోడన్ కొండను అర్ విద్వా అని తమ భాషలోని పాత పేర్లతోనే పిలవాలని ఉద్యానవనం వాళ్లు అంతకుముందు ఏడాదే తీర్మానించారు. దారిలో ఒక గోడ మీద ‘వేల్స్ అమ్మకానికి లేదు’ అని వాళ్ల భాషలో రాసి ఉంది. ఇంటావిడను అడిగాను. బయటివాళ్లు సెలవుల కోసం ఇళ్లు కొనుక్కుంటుంటే ధరలు పెరిగి, ఆ లోయలో పుట్టిన పిల్లలకు ఇల్లు దొరకడం లేదు. ఆవిడ కొడుకే పట్టణంలో అద్దెకు ఉంటున్నాడు. 2021 జనగణనలో, ఆ లోయ ఉన్న గ్వినెడ్ ప్రాంతంలో నూటికి 64 మంది వేల్స్ భాష మాట్లాడేవాళ్లున్నారు. ఇళ్లు చేతులు మారితే భాష కూడా ఊరు విడిచి వెళ్తుందని ఆవిడ భయం. మేము ఉన్నది ఆవిడ అత్తగారి ఇల్లు. పొలం మీద వచ్చేది చాలక అద్దెకు ఇస్తోంది. నేను ఆ వారం ఆ ఇంట్లో అంతకుముందుకన్నా నెమ్మదిగా తిరిగాను. ఒకరి అత్తగారి వంటగది అది.

చిట్టి 2024 నవంబరులో పోయింది. పెరట్లో ఆపిల్ చెట్టు కింద పెట్టాం. అప్పటికి పదహారేళ్లదైన మా అమ్మాయి మేడ మీది అలమరా నుంచి, గుడ్డలో చుట్టిన ఆ పలక తెచ్చి, సుద్దతో ‘చిట్టి’ అని రాసి మట్టిలో నిలబెట్టింది. వత్తు సరిగ్గా పడింది. రంగుతో రాస్తే చెరిగిపోదని వాళ్ల నాన్న అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. వాన పడి చెరిగినప్పుడల్లా మళ్లీ రాస్తోంది.

అమ్మకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది, ఫోన్‌లో మా ముఖాలు మసకగా కనిపిస్తాయట. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో పలక చూపించమంది. మా అమ్మాయి ఫోన్ దగ్గరగా పెట్టింది. అక్షరాలు ఆనడం లేదంది అమ్మ. కాసేపు ఆగి, “తట్టు తల్లీ, విననీ” అంది.

మా అమ్మాయి పలకను మట్టిలోంచి తీసి, అంచు తుడిచి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని వేలాడదీసి, వేలి కణుపుతో తట్టింది.